ఆదాం తాత రాయికి చెక్‌సమ్

మట్టల ఆదివారం వెళ్లిన మర్నాడు పొద్దున్నే ప్రసన్నకుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి తాతగారి సమాధి రాయి నమూనాను నల్లపాడులో తన కంప్యూటర్ నుంచి మార్టూరు పంపాలి. అక్కడ హుస్సేన్ సాహెబ్ గారి గ్రానైట్ యూనిట్‌లో మధ్యాహ్నానికల్లా మిషను రాయి కోసి అక్షరాలు చెక్కాలి. శనివారానికి రాయి సమాధి మీద కూర్చోవాలి. ఆదివారం ఈస్టర్. తెల్లవారకముందే చర్చి సంఘమంతా కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు వస్తుంది. వాళ్లు వచ్చేసరికి ఆదాం తాత సమాధి కూడా నలుగురి సమాధుల్లాగా మెరవాలి. అంతే.

ఇది ప్రసన్నకుమార్ కోరిక కాదు, అతని నాయనమ్మ పుల్లమ్మ కోరిక. ఆదాం పోయి రెండేళ్లయింది. సమాధి మీద ఉత్త సిమెంటు తప్ప ఏమీ లేదు. పోయిన ఈస్టర్‌కి పుల్లమ్మ కొవ్వొత్తి పట్టుకుని అక్కడ నిలబడితే ఎవరో కొత్తావిడ వచ్చి, "ఇది ఎవరిదమ్మా, పేరు లేదే?" అని అడిగింది. పుల్లమ్మ ఆ మాట ఏడాది పొడుగునా మర్చిపోలేదు. "ఈసారి రాయి లేకపోతే నేను తోటకే రాను. మీ తాతకి మీరే చెప్పుకోండి," అని మనవడికి తేల్చి చెప్పేసింది.

ప్రసన్నకుమార్ రాళ్ల నమూనాలు గీసే సాఫ్ట్‌వేర్ రాశాడు. దాని పేరు 'శిల'. మూడేళ్లు కూర్చుని ఒంటరిగా రాశాడు. తెర మీద రాయిని ఎటు కావాలంటే అటు తిప్పి చూడవచ్చు. చూసి మూసేస్తే, ఎక్కడ వదిలామో మళ్లీ అక్కడి నుంచే తెరుచుకుంటుంది. ఈ సౌకర్యం ప్రపంచంలో ఇంకెవరికీ తట్టలేదని అతని నమ్మకం.

రెండు నెలల కిందట చిలకలూరిపేటలో ఒక ఇంటి వంటగట్టు దగ్గర అతనికి అవమానం జరిగింది. రాయి కోసినవాడు స్టవ్ కన్నాన్ని తనకు తోచినట్టు నాలుగంగుళాలు జరిపి, తప్పంతా సాఫ్ట్‌వేర్ మీదకు తోశాడు. ఇంటావిడ ప్రసన్నకుమార్‌ను నిలబెట్టి కడిగేసింది. అతని పేరులో ఉన్న ప్రసన్నత మొహంలో అంతకుముందు కూడా పెద్దగా కనపడేది కాదు. ఆ రోజుతో పూర్తిగా పోయింది. ఇంటికొచ్చి వారం రోజులు తలుపేసుకుని శిలలో చెక్‌సమ్ పెట్టాడు.

"అంటే ఏంటండీ?" అని భార్య ఫెబా అడిగింది. ఆమె స్కూల్లో లెక్కల టీచరు.

"నమూనాలో ఉన్న ప్రతి కొలతనీ, ప్రతి అక్షరం వంపునీ అంకెలుగా తీసుకుని ఒక లెక్కలో వేస్తాం. చివరికి ఒకే ఒక్క పొడుగాటి సంఖ్య వస్తుంది. అది ముద్రలా అంటించి పంపుతాం. అవతలవాడి దగ్గర మళ్లీ అదే లెక్క జరుగుతుంది. రెండూ ఒకటైతే పచ్చరంగు. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎర్రరంగు. మిషను కదలదు."

"మార్కుల రిజిస్టర్లో కింద టోటల్ వేసినట్టా?"

"టోటలా? నా లెక్కని టోటల్ అంటావా? ఒకడికి ఐదు తీసి ఇంకొకడికి ఐదు వేస్తే నీ టోటల్‌కి తెలుస్తుందా? నా దానికి తెలుస్తుంది!"

"సరేలెండి, ఇడ్లీ చల్లారిపోతోంది," అంది ఫెబా.

సోమవారం తొమ్మిదింటికి నమూనా వెళ్లింది. తొమ్మిదింపావుకి మార్టూరు నుంచి మాలిక్ ఫోన్ చేశాడు. మాలిక్ హుస్సేన్ సాహెబ్ అన్నగారి కొడుకు, యూనిట్‌లో మిషను నడిపేది అతనే.

"ప్రసన్నగారూ, మిషను తీసుకోవడం లేదండి. ఎర్రగా వస్తోంది. 'నమూనా మార్చబడింది' అంటోంది."

"తెరిచినప్పుడే ఎర్రగా ఉందా?"

"లేదండి, తెరిచినప్పుడు పచ్చగానే ఉంది. చూసి మూసి, మిషనుకి ఇచ్చేసరికి ఎర్రబడింది."

"అయితే మధ్యలో ఏం మార్చారు?"

"ఏం మార్చలేదండి. చూశానంతే."

ప్రసన్నకుమార్ మళ్లీ పంపాడు. మళ్లీ ఎరుపే. మూడోసారి పంపాడు. మూడోసారీ అంతే. పైగా మూడుసార్లూ మూడు వేర్వేరు సంఖ్యలు వచ్చాయి. అతనికి ఒళ్లు మండిపోయింది. చిలకలూరిపేట వంటగట్టు కళ్ల ముందు కనపడింది.

"మాలిక్ గారూ, మూడుసార్లు పంపితే మూడు రకాలుగా మార్చారు. నా తాత సమాధి అండీ అది! ఆడుకోవడానికి ఇంకేం దొరకలేదా?"

"రోజాలో ఉన్నానండీ నేను! రంజాన్ నెల్లో అబద్ధమాడతానా? వేలు కూడా పెట్టలేదు. చూశాను, అంతే!"

"చూసినందుకే మారిపోతుందా ఎక్కడన్నా?"

పక్కనే చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్న ఫెబా, "చూసినందుకే మారితే తప్పు మీ లెక్కలో ఉన్నట్టండీ," అని స్కూలుకి వెళ్లిపోయింది. ఆ మాట వినివుంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ భార్య చెప్పింది విని సాఫ్ట్‌వేర్ తెరిచి చూసుకునే మనిషైతే అతను ప్రసన్నకుమార్ ఎందుకవుతాడు?

అతను నేరుగా హుస్సేన్ సాహెబ్‌కే ఫోన్ చేశాడు. ఆయన పెద్దమనిషి, నలభై ఏళ్లుగా రాళ్లలో ఉన్నాడు. "ఉండు బాబూ, నేనే చూస్తా," అన్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని, మాలిక్‌ని లేపి, తనే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తెరిచాడు, చూశాడు, మూశాడు, మిషనుకి ఇచ్చాడు. ఎరుపు.

"ఇదేందయ్యా, ఇప్పుడు నేను కూడా మార్చానంటోంది నీ సాఫ్టువేరు!"

అక్కడ కాస్త ఆగి ఆలోచించాల్సింది. ప్రసన్నకుమార్ ఆగలేదు. "అయితే మీరూ మార్చినట్టేనండీ. లెక్క అబద్ధం చెప్పదు," అన్నాడు.

హుస్సేన్ సాహెబ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "బాబూ, ఈ చేతుల మీద ఎన్ని మసీదుల మెట్లు, ఎన్ని చర్చిల మెట్లు పోయినయ్యో నాకే తెలియదు. నన్నెవరూ దొంగని అనలా. నీ రాయి నేను కొయ్యను. ఇంకెక్కడన్నా చూసుకో."

శ్రమల వారంలో ఇంకెక్కడ చూసుకుంటాడు? ఈస్టర్ ముందు రాళ్లు కోసే ప్రతివాడి దగ్గరా వరసలు ఉంటాయి. ఈ సంగతి ఆలోచించకుండా ప్రసన్నకుమార్ ఇంకో పని చేశాడు. సంఘం వాట్సాప్ గ్రూపులో, "మార్టూరు వైపు రాళ్లకి ఇచ్చినవాళ్లు జాగ్రత్త. నమూనాలు మార్చేస్తున్నారు," అని పెట్టాడు. న్యాయం కోసం పెట్టాననుకున్నాడు.

మధ్యాహ్నానికి గ్రూపులో ఆ మాట 'ఆదాం గారి రాయి పొట్టిగా కోశారట' అయింది. సాయంత్రానికి 'పాదాల దగ్గర జానెడు చాలలేదట' అయింది. చర్చి మెట్లకి హుస్సేన్ సాహెబ్ దగ్గర రాళ్లు చెప్పిన సంఘ పెద్ద ఒకాయన, ఎందుకొచ్చిన గొడవ అని ఆ పని ఆపించేశాడు. మంగళవారం పొద్దున పాలు పోయించుకుంటున్న పుల్లమ్మ దగ్గరికి పక్కింటావిడ వచ్చి, "పాపం, తాతగారి కాళ్లు బయటికి వస్తాయటగా పిన్నీ?" అని ఓదార్చింది.

పుల్లమ్మ గిన్నె కింద పెట్టింది. "ఎవరి కాళ్లే బయటికి వచ్చేది? ఆరడుగుల మనిషి ఆయన! ఒరేయ్ ప్రసన్నా! ఏం చేశావురా మీ తాతని?"

ప్రసన్నకుమార్ చెక్‌సమ్ గురించి చెప్పబోయాడు. ఆమె విననే లేదు. లోపలికి వెళ్లి పెట్టెలోంచి ఒక తాడు తీసుకొచ్చింది. ఆదాం పోయినప్పుడు వడ్రంగి పెట్టె చేయడానికి కొలిచి ముడేసిన తాడు అది. "రేపు నన్ను మార్టూరు తీసుకుపో. ఆ రాయిని నేను కొలుచుకుంటా. నీ లెక్కలు నాకొద్దు."

బుధవారం ఇద్దరూ ఒంగోలు బస్సెక్కి మార్టూరులో దిగారు. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని ప్రసన్నకుమార్ దారంతా తను అడగబోయే ప్రశ్నలు మనసులో వల్లెవేసుకున్నాడు. పుల్లమ్మ తాడు పట్టుకుని కూర్చుంది.

యూనిట్‌లో అడుగుపెట్టగానే హుస్సేన్ సాహెబ్ ఎదురొచ్చాడు. మెట్ల పని ఆగిపోయిన కబురు అప్పటికే చేరింది. "రా బాబూ రా! గ్రూపులో రాసింది నువ్వేనటగా? నా యూనిట్ పేరు పోగొట్టడానికి బస్సు ఛార్జీ కూడా పెట్టుకొచ్చావా?"

"పేరు పోగొట్టింది నేనా? మా తాత రాయిని మూడు రకాలుగా మార్చి..."

"నాలుగు! నేను మార్చింది మర్చిపోయావ్!"

వాళ్లు అరుచుకుంటూ ఉంటే పుల్లమ్మ ఎవరినీ అడక్కుండా ఆదాం రాయికని తీసిపెట్టి గోడకి ఆనించిన నల్ల పలక దగ్గరికి వెళ్లింది. ఆమె తాడు పరిచేసరికి మాలిక్ వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. ముడి దాటి ఇంకా అడుగున్నర మిగిలింది. "సరిపోయింది, ఇంకా మిగిలింది కూడా. మరి ఏం మారిందయ్యా?" అని అడిగింది పుల్లమ్మ. మాలిక్‌కి తెలియదు. హుస్సేన్ సాహెబ్‌కీ తెలియదు. తెలిసినట్టు అరుస్తున్నది ప్రసన్నకుమార్ ఒక్కడే.

"నా కళ్ల ముందు చేసి చూపించండి!" అన్నాడతను.

అందరూ కంప్యూటర్ గదిలోకి వెళ్లారు. ముందు ప్రసన్నకుమార్ తన దగ్గరున్న నమూనా తెరిచాడు, పైనుంచి ఒకసారి చూశాడు, మూశాడు, మిషనుకి ఇచ్చాడు. పచ్చరంగు. "చూశారా?" అన్నాడు విజయగర్వంతో. తర్వాత మాలిక్ కూర్చున్నాడు. అదే నమూనా తెరిచాడు. మౌస్ పట్టుకుని రాయిని మెల్లగా వెనక్కి తిప్పాడు. వెనకవైపు కిందినుంచి పైదాకా చూసి, తల ఊపి, మూసేశాడు. ఎరుపు.

"అదిగో! ఏం మార్చారు?"

"వెనక్కి తిప్పి చూశానండీ."

"వెనక్కి ఎందుకు తిప్పారు?"

హుస్సేన్ సాహెబ్‌కి ఆ ప్రశ్నే విచిత్రంగా ఉంది. "రాయి పట్టుకున్నవాడు ముందు వెనక చూస్తాడు బాబూ. పగులు ఎప్పుడూ వెనకే ఉంటుంది. మా నాన్న నాకు చెప్పాడు, నేను వీడికి చెప్పా."

"కంప్యూటర్‌లో రాయికి పగులెక్కడిదండీ!"

"లేదనుకో. అయినా చూస్తాం. నేనూ మొన్న తిప్పే చూశా."

ప్రసన్నకుమార్ ఇంకేదో అనబోయి, మౌస్ లాక్కుని తనే రాయిని వెనక్కి తిప్పి చూశాడు. రాయిని ఎవరు ఎటు తిప్పి వదిలేస్తే మళ్లీ అటే తెరుచుకునే సౌకర్యం అతను పెట్టిందే. ఎటు తిప్పారన్నది గుర్తుంచుకోవాలంటే అది కూడా అంకెలుగా నమూనాలోనే రాసుకోవాలి. చెక్‌సమ్ ఆ అంకెలను కూడా కలిపి లెక్క వేస్తోంది. తాత రాయి అంగుళం కూడా మారలేదు. దాన్ని చూసే కోణం మారింది. తన రాయి తనకు తెలుసు కాబట్టి అతను ఎప్పుడూ వెనక్కి తిప్పి చూడలేదు. అందుకే నల్లపాడులో ఎప్పుడూ ఎర్రబడలేదు. ఫెబా సోమవారం పొద్దున చీర కట్టుకుంటూ చెప్పేసిన సంగతిని కనుక్కోవడానికి అతను ఒంగోలు బస్సెక్కాడు.

"చిన్న సాంకేతిక లోపం," అన్నాడు గొణుగుతూ.

"ఎవరిదిరా లోపం?" అంది పుల్లమ్మ.

"సాఫ్ట్‌వేర్‌ది."

"సాఫ్టువేరు ఎవరిది?"

అతను లాప్‌టాప్ మూసేశాడు. పుల్లమ్మ ఊరుకోలేదు. "ఉపవాసంలో ఉన్న మనుషుల్ని పట్టుకుని దొంగలన్నావురా! నేనూ ఈ వారం ఒంటిపూటే తింటున్నా. పొద్దున కడుపునిండా తిని వచ్చి అరిచింది నువ్వొక్కడివే. ఒప్పుకో ముందు."

ప్రసన్నకుమార్ ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటున్నప్పుడు కూడా కోపంగానే ఉన్నాడు. గ్రూపులో కూడా తప్పు తనదేనని రాశాడు. హుస్సేన్ సాహెబ్ అయినా కరగలేదు. అప్పుడు పుల్లమ్మ ముందుకొచ్చింది. "వీడి మొహం చూడొద్దు సాయిబుగారూ, నా మొహం చూడండి. రెండేళ్లుగా నా పెనిమిటి పేరు లేకుండా పడుకున్నాడు. ఈ ఈస్టర్‌కి ఆయన పేరు పైన ఉండాలి."

ఆయన కాసేపు ఆమె చేతిలో తాడు వంక చూశాడు. "మాలిక్, ఈ అమ్మ రాయి ముందు పెట్టరా," అన్నాడు.

ప్రోగ్రామ్ సరిచేయడానికి ప్రసన్నకుమార్ లాప్‌టాప్ పట్టుకుని బయట రాళ్ల మధ్య కూర్చున్నాడు. మొహమంతా దుమ్ము. తన మీద తనకే కోపం వచ్చినా, అది కూడా ఎవరో చేసిన అన్యాయంలాగే అనిపించింది. లోపల పుల్లమ్మ మాలిక్‌కి జంతికల పొట్లం ఇచ్చి, సాయంత్రం ఇఫ్తార్‌కి తినమంది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుంది. "నాకు చదువు రాదు నాయనా. ఆ రాయి మీద ఏం రాశాడో మొత్తం చదివి పెట్టు." మాలిక్ చదివాడు. ఆమె మళ్లీ చదివించుకుంది. తర్వాత చాలాసేపు ఏవో మాట్లాడుకున్నారు.

గంట తర్వాత ప్రసన్నకుమార్ లోపలికి వచ్చాడు. చూసే కోణాన్ని లెక్కలోంచి తీసేశాడు. మాలిక్ కంప్యూటర్‌లో కొత్త ప్రోగ్రామ్ ఎక్కించి, అక్కడ తెరిచివున్న నమూనాకి కొత్త ముద్ర వేయడానికి కూర్చున్నాడు.

"ప్రసన్నగారూ, ఒక్కమాట. ఇందాక అవ్వ..."

"మీరు ఏమీ మార్చలేదని ఒప్పుకున్నానుగా! ఇంకేం కావాలి?"

"అది కాదండీ, ఇప్పుడు..."

"మాలిక్ గారూ, దయచేసి! మార్పు ఉంటే నా సాఫ్ట్‌వేరే చెబుతుంది. మనుషులు చెప్పక్కర్లేదు."

"మీరు ఒక్కసారి చూసుకుంటే..."

"చూడాల్సిన పని లేకుండా ఉండటానికేనండీ ఇది రాసింది!"

అని ముద్ర నొక్కేశాడు. ఉన్న నమూనాకి ఉన్నట్టుగా ముద్ర పడింది. మాలిక్ రాయిని వెనక్కి తిప్పాడు, పక్కకి తిప్పాడు, తలకిందులుగా తిప్పాడు. పచ్చరంగు పోలేదు. మిషను కదిలింది. ప్రసన్నకుమార్ రొమ్ము విరుచుకుని బయటికి వచ్చి టీ తాగాడు.

శనివారం రాయి వచ్చింది. తోటంతా సున్నాలు వేస్తున్నారు, చుక్కలు పడతాయని మాలిక్ రాయికి దుప్పటి చుట్టి తాళ్లతో కట్టేసి వెళ్లాడు. ఆ ముడి ఎవరూ విప్పకూడదని పుల్లమ్మ అక్కడే పీట వేసుకుని పొద్దుగూకేదాకా కూర్చుంది.

ఈస్టర్ తెల్లవారుజామున సంఘమంతా పాటలు పాడుకుంటూ వచ్చింది. ఆదాం సమాధి దగ్గర ప్రార్థన చేసి పాస్టరుగారు దుప్పటి తీశారు. కొవ్వొత్తుల వెలుగులో నల్లరాయి నిగనిగలాడింది. గ్రూపులో కాళ్లు బయటికి వస్తాయని రాసినవాళ్లే అందరికంటే ముందుకు తోసుకొచ్చారు. పాస్టరుగారు అలవాటు ప్రకారం గట్టిగా చదివారు.

"ప్రభువునందు నిద్రించుచున్న ఆదాం. ఇట్లు కుటుంబ సభ్యులు. భార్య పుల్లమ్మ. వివరాలకు సంప్రదించండి. తొమ్మిది, నాలుగు, నాలుగు..."

అక్కడ ఆగిపోయారు. ప్రసన్నకుమార్ ఒంగి చూశాడు. తను రాసిన చివరి రెండు పంక్తులు 'శిల రూపకల్పన ప్రసన్నకుమార్' అనీ, దాని కింద 'వివరాలకు సంప్రదించండి' అంటూ తన ఫోన్ నంబరూ. ఇప్పుడు మొదటి పంక్తి మొత్తం పోయి ఆ స్థానంలో 'భార్య పుల్లమ్మ' అని ఉంది. రెండోది మాత్రం పదంకెలతో సహా చెక్కుచెదరకుండా ఉంది.

అతను అక్కడికక్కడే మాలిక్‌కి ఫోన్ చేశాడు. "ఏం చేశారండీ మీరు?"

"నేను మూడుసార్లు చెప్పబోయానండీ. మార్పు ఉంటే మీ సాఫ్టువేరే చెబుతుందన్నారు. అవ్వ ఆ పేరు తీసి తన పేరు పెట్టమంది, పెట్టాను. నంబరు సంగతి ఆమె చెప్పలేదు. మళ్లీ మార్చానంటారని ఒక్క అంకె కూడా ముట్టుకోలేదు."

ప్రసన్నకుమార్ ఫోన్ పెట్టేసి నాయనమ్మ వైపు తిరిగాడు. "నన్నడక్కుండా ఎందుకు మార్పించావ్? కుటుంబ సభ్యులు అని రాశానుగా! అందులో నువ్వు లేవా?"

పుల్లమ్మ కొవ్వొత్తిని రాయి అంచున నిలబెట్టింది. "యాభై రెండేళ్లురా! మిరప కల్లాల్లో ఆయన పక్కన కాయలు ఎండబెట్టింది నేను, పత్తి తీసింది నేను, మంచాన పడితే మూడేళ్లు ఎత్తి దించింది నేను. చదువు రానిదాన్ని, మాలిక్ చదువుతుంటే నా పేరు ఎప్పుడొస్తుందా అని చివరిదాకా విన్నా. నీ పేరొచ్చింది. నీ ఫోను నంబరు కూడా వచ్చింది. పదంకెలకి చోటుందిగాని నాకు చోటు లేదంట్రా ఆయన రాయి మీద?"

ఎవరూ నవ్వలేదు. ఫెబా వచ్చి పుల్లమ్మ భుజం పట్టుకుంది. ప్రసన్నకుమార్ ఇంటికి వెళ్లి లాప్‌టాప్ తెరిచి, మాలిక్ దగ్గర్నుంచి తెప్పించుకున్న ఆ నమూనాను పరీక్షించి చూశాడు. 'ఏ మార్పూ లేదు' అంటూ పచ్చగా వెలిగింది. మొదటిసారి ఆ పచ్చరంగు చూసి అతనికి గర్వం కలగలేదు.

రాయి మీద చెక్కిన నంబరు ఇక పోదు. ఆ వారంలోనే ఫోన్లు మొదలయ్యాయి. తోటలో ఆ రాయి చూసినవాళ్లు ఒకరి వెంట ఒకరు, "పుల్లమ్మ గారాండీ? రాయి వివరాలు కావాలి," అని అడిగేవాళ్లు. మొదట్లో ప్రసన్నకుమార్ వాళ్ల మీద విసుక్కున్నాడు. తర్వాత మాట్లాడకుండా ఫోన్ తీసుకెళ్లి నాయనమ్మకి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆమె కొలతలు తాడుతో తీసుకురమ్మంటుంది, కోయడానికి మాలిక్ దగ్గరికే పంపిస్తుంది. అన్నిటికంటే ముందు మాత్రం, "భార్య పేరేంటమ్మా?" అని అడుగుతుంది.

ఇప్పుడు శిలలో రాయిని ఎటు తిప్పి చూసినా ఎర్రరంగు రాదు. భార్య పేరు లేకపోతే మాత్రం ముద్రే పడదు.